మాత్రలిచ్చే కిటికీ దగ్గరే ఆ సూదులూ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం మీ పేపర్లో పెద్దవాళ్లు వేయించుకోవాల్సిన టీకాల గురించి పేజీ నిండా వేశారు. షుగరున్నవాళ్లు ఏం చేయాలో ఉంది, గుండె జబ్బువాళ్ల సంగతి ఉంది, అరవై దాటినవాళ్ల సంగతి ఉంది, బొమ్మలు కూడా బాగున్నాయి. అంతా చదువుకుంటూ చివరికొచ్చేసరికి ఒకే ఒక్క లైను, "రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు తమ డాక్టరును సంప్రదించాలి" అని. ఆ లైనులో ఉన్నది మేమేనండీ, హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లం. పేరు పెట్టి చెప్పడానికి మీకూ మొహమాటం వేసినట్టుంది. అందుకే జబ్బు పేరు నేనే రాస్తున్నాను, నా పేరు మాత్రం అడక్కండి.

నాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బజార్లో రెండూ. మీ పేపరు పాతపట్నం మీదుగా మా వీధికి చేరేసరికి నేను రెండు జాకెట్లు కత్తిరించడం అయిపోతుంది. కుట్టుపనే నా బతుకుతెరువు, వయసు యాభై. ఈ వైపు నుంచి మగవాళ్లు సూరత్ మగ్గాలకు వలస పోవడం మీకు తెలిసిందే, మా ఆయనా పోయారు. పన్నెండు గంటల షిఫ్టు, ఒక గదిలో పది మంది, ఏడాదికి రెండుసార్లు ఇంటికి రావడం. 2008లో జ్వరంతో రైలు దిగిన మనిషి మళ్లీ రైలెక్కలేదు. ఆయన పోయాక నన్ను పరీక్ష చేస్తే నాకూ ఉందని తేలింది. మా అమ్మాయికి లేదు, అదొక్కటే ఆ రోజు నిలబెట్టింది. అప్పట్లో సీడీ4, అంటే జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్క, బాగా పడిపోయేదాకా మందులు మొదలుపెట్టేవాళ్లు కాదు, కాబట్టి ఆ అంకె ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడడమే రెండేళ్లపాటు నా వైద్యం. ఇప్పుడలా లేదు, 2017 నుంచి పరీక్షలో తేలగానే మాత్రలు మొదలుపెడుతున్నారు.

మాత్రల విషయంలో నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఈ మందులు మన దేశంలో 2004 ఏప్రిల్‌లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు, ఆ నిర్ణయం వల్లే నేను ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదట్లో రోజుకు రెండుసార్లు, గడియారం చూసుకుంటూ మింగేదాన్ని. ఇప్పుడు రాత్రి పూట ఒక్కటే మాత్ర, అందులోనే మూడు మందులు, టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. నా వైరల్ లోడు పరీక్షలో వైరస్ కనబడడం లేదని వస్తోంది. అలా వస్తూ ఉన్నన్నాళ్లు ఆ మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి అంటదని డాక్టర్లే చెప్తున్నారు, ఈ ఒక్క ముక్క మీ పేపర్లో పెద్ద అక్షరాలతో వేస్తే మా వీధిలో సగం గుసగుసలు ఆగుతాయి.

సరే, నేను రాయాలనుకున్నది అది కాదు. హెచ్‌ఐవీతో చావకుండా మమ్మల్ని బతికించారు కదా, బతికినవాళ్లకు వచ్చే మిగతా జబ్బుల మాటేమిటి అనేది నా ప్రశ్న. వాటిలో కొన్నింటికి టీకాలున్నాయి. పదిహేనేళ్లుగా మందులు తీసుకుంటున్న నాకు ఆ సంగతి రెండేళ్ల క్రితం దాకా తెలియదు. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

ఎలా తెలిసిందో చెప్తాను. నేను మాత్రల కోసం బరంపురం వెళ్తాను. దగ్గరలో దొరికినా వెళ్లను, తెలిసినవాళ్లు ఎదురైతే "ఏం వదినా, ఆసుపత్రిలో ఏం పని" అంటారు, దానికి ప్రతిసారీ ఒక అబద్ధం ఎక్కణ్ణుంచి తేను. మా వాళ్లు కొందరు ఇదే భయంతో ఇటు శ్రీకాకుళం వైపు వెళ్తారు. అలా బస్సులో పరిచయమైన తమ్ముడొకడున్నాడు, ఆటో నడుపుతాడు, నాకంటే పదేళ్లు చిన్న. మాత్ర ఒక్క రోజు తప్పడు, వైరల్ లోడు బాగుంది, సీడీ4 కూడా బాగానే ఉంది. అలాంటివాడు ఒక చలికాలం న్యుమోనియాతో పడ్డాడు. పన్నెండు రోజులు ఆసుపత్రి, అందులో నాలుగు రోజులు ఆక్సిజన్. ఇంటికొచ్చాక ఆటో అమ్మేశాడు, ఇప్పుడు ఇంకొకరి బండి కిరాయికి నడుపుతున్నాడు. డిశ్చార్జి చేసేటప్పుడు అక్కడి చిన్న డాక్టరు ఒకాయన అడిగాడట, "న్యుమోనియా టీకా ఎప్పుడైనా వేయించుకున్నారా" అని. వీడు నాకు ఫోన్ చేసి, "అక్కా, అలాంటిదొకటి ఉందటే, నీకు తెలుసా?" అన్నాడు. నాకు తెలియదు. మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు.

ఆ టీకా వేసుంటే వాడికి రాకుండా ఉండేదని నేను అనను. న్యుమోనియా తెచ్చే క్రిములు చాలా రకాలు, ఆ టీకా అడ్డుకునేది న్యుమోకాకస్ అనే ఒక రకాన్ని. పైగా వాడు బీడీలు మానమంటే మానలేదు, అదీ ఉంది. కానీ మందులు సరిగ్గా వాడుతున్నా సరే, మామూలు వాళ్లకంటే మాకు ఆ న్యుమోకాకస్ ముప్పు ఎక్కువ అన్నది అందరు డాక్టర్లూ ఒప్పుకునే మాట. ముప్పు ఎక్కువని తెలుసు, టీకా ఉందని తెలుసు, మరి ఆ మనిషికి చెప్పడం ఎవరి పని? ఆ ప్రశ్న పట్టుకునే నేను ఈ రెండేళ్లూ కౌన్సెలర్ మేడమ్‌ని, డాక్టరు గారిని, మా అమ్మాయి ఫోన్‌ని విసిగిస్తున్నాను.

తెలుసుకున్నది తెలుసుకున్నట్టు రాస్తాను, మీ డాక్టరు గారి చేత ఒకసారి చూపించి వేయండి.

టీకాలు రెండు జాతులు అనుకోండి. చచ్చిన క్రిమితోనో, దాని ముక్కతోనో చేసేవి ఒక జాతి. హెపటైటిస్ బి, న్యుమోనియా, ఫ్లూ సూది, ధనుర్వాతం, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ, ఇవన్నీ అందులోవే. వీటివల్ల మాకు ఆ జబ్బు అంటుకోవడం అనేది ఉండదు, సీడీ4 ఎంత ఉన్నా వేయొచ్చు, కాకపోతే సీడీ4 మరీ తక్కువగా ఉన్నప్పుడు వేస్తే ఒంటికి సరిగ్గా పట్టదు. రెండో జాతి, బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసేవి. తట్టు, గవదబిళ్లలు, ఆటలమ్మ టీకాలు అలాంటివి. పెద్దవాళ్లలో సీడీ4 200 కంటే తక్కువ ఉంటే అవి వేయకూడదు. ముక్కులో పిచికారీ చేసే ఫ్లూ మందు కూడా బతికున్న క్రిమిదే, అది మాకు వద్దు, ఫ్లూకి సూది ఒక్కటే, అదీ ఏటా వేయించుకోవాలి. బీసీజీ సంగతి సరేసరి, హెచ్‌ఐవీ ఉన్న పెద్దలకు వేయనే వేయరు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే మావాళ్లలో రెండు రకాల మనుషులున్నారు, టీకా అంటేనే "మనకు పడదు, వైరస్ లేస్తుంది" అని పారిపోయేవాళ్లు ఒక రకం, వాట్సాప్‌లో చూసి సొంతంగా మెడికల్ షాపుకు వెళ్లి ఏదో ఒకటి పొడిపించుకునేవాళ్లు ఇంకో రకం. ఇద్దరికీ మధ్యలో ఒక డాక్టరు ఉండాలి.

అన్నిటికంటే ముందు హెపటైటిస్ బి. ఎందుకంటే అది వచ్చే దారీ హెచ్‌ఐవీ వచ్చే దారీ ఒకటే, రక్తం, సంభోగం, తల్లి నుంచి బిడ్డకు. పిల్లల టీకాల్లో దీన్ని దేశమంతా చేర్చింది 2011లో, అంటే నా వయసువాళ్లకే కాదు, ఇవాళ పాతికేళ్లున్న చాలామందికి కూడా పసితనంలో పడి ఉండదు. ముందు రక్త పరీక్ష చేసి, ఆ వైరస్ ఒంట్లో లేదని తేలితే టీకా మొదలుపెట్టాలి. మామూలువాళ్లకు మూడు డోసులు, మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. మాకు టీకా మామూలువాళ్లంత బాగా పట్టదు కాబట్టి చాలాచోట్ల రెట్టింపు మోతాదు ఇస్తారు. అంతటితో అయిపోలేదు, ఆఖరి డోసు పడ్డ ఒకటి రెండు నెలలకు మళ్లీ రక్తం తీసి అసలు పట్టిందా లేదా చూడాలి, రక్తంలో యాంటీబాడీల లెక్క 10 దాటితే పట్టినట్టు. పట్టకపోతే మళ్లీ మొదటి నుంచి వేయాలి. ఈ చివరి పరీక్ష సంగతి చెప్పేవాళ్లు మరీ తక్కువ, నేను అడిగితే ఒకచోట "అదెందుకమ్మా, మూడూ వేసేస్తాం కదా" అన్నారు. జాకెట్టు కుట్టేశాం కదా, తొడిగి చూడడమెందుకు అన్నట్టుంది.

ఒకవేళ హెపటైటిస్ బి ముందే ఉందని తేలితే అప్పుడు టీకా పనిచేయదు, కానీ కంగారు పడక్కర్లేదు. మేం మింగే మాత్రలో ఉన్న టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ ఆ వైరస్‌ను కూడా అణచిపెడతాయి. ప్రమాదమల్లా మాత్ర మానేస్తేనే. ఆపగానే లివర్ మీద అది ఒక్కసారిగా తిరగబడొచ్చు. మా వైపు కళ్లు పచ్చబడితే మొదట చేసే పని పసరు మందుకు వెళ్లడం, లేదా చేతి మీద వాత పెట్టించుకోవడం, ఆ పసరు ఇచ్చేవాడు మొదట చెప్పే పథ్యం "ఇంగ్లీషు మందులన్నీ ఆపేయ్" అని. అలా ఆపేసినవాళ్లు ఏమయ్యారో నాకు తెలుసు, రాయను.

ఇక ఆడవాళ్ల సంగతి. దీని గురించి రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే ముప్పు మిగతావాళ్ల కంటే సుమారు ఆరు రెట్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. ఆరు రెట్లు! నేను పదిహేనేళ్లలో ఎన్నిసార్లు బరువు చూపించుకున్నానో లెక్కలేదు, ఈ క్యాన్సర్ పరీక్ష మాత్రం మొదటిసారి చేయించుకున్నది నలభై ఎనిమిదో ఏట. లోపల వెనిగర్ లాంటి ద్రావణం పూసి, తెల్లబడిందా లేదా చూస్తారు, ఐదు నిమిషాల పని, నొప్పి కూడా పెద్దగా లేదు. దీనికి హెచ్‌పీవీ వైరస్‌ను వెతికే డీఎన్‌ఏ పరీక్ష కూడా ఉంది, అది ఇంకా నమ్మకమైనది. మామూలు ఆడవాళ్లకు ముప్ఫై నుంచి అంటారు గానీ మాకు 25 ఏళ్ల నుంచే మొదలుపెట్టి మూడు నుంచి ఐదేళ్లకోసారి చేయాలట. నాతో పాటు మందులకు వచ్చే ఆవిడ కూతురుంది, పదహారేళ్లు, ఆ పిల్లకు పుట్టుకతోనే హెచ్‌ఐవీ. హెచ్‌పీవీ టీకా బయటి పిల్లలకు ఒకటో రెండో డోసులతో సరిపోతుంది, హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు మూడు వేయడం మంచిది. మన దేశంలోనే తయారైన సెర్వావాక్ 2023 జనవరిలో మార్కెట్లోకి వచ్చింది. ఆ తల్లికి ఇదంతా చెప్పింది నేను, జాకెట్లు కుట్టే మనిషిని. ఆవిడ అంది, "ఆశా దీదీకి మా పిల్ల సంగతి తెలియనివ్వలేదు, తెలియకుండా మూడు డోసులు అడిగితే ఎందుకు అంటుంది కదా." నా దగ్గర జవాబు లేదు.

ఎందుకు అనే ఆ మాట దగ్గరే అంతా ఆగిపోతోంది ఎడిటర్ గారూ. నా సంగతే చెప్తాను. ఊరి పేరు, క్లినిక్ పేరు రాయను. న్యుమోనియా టీకా వేయించుకుందామని డబ్బు కూడబెట్టుకుని ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను. ఒక్క సూది మూడు వేలకు పైనే, నా లెక్కలో ఇరవై జాకెట్ల కుట్టు. కాంపౌండరు కుర్రాడు చీటీ చూసి, "ఇది అరవై దాటినోళ్లకమ్మా, మీకెందుకు?" అన్నాడు. మెల్లగా చెప్పాను. వాడు మెల్లగా వినలేదు. లోపలికి కేకేశాడు, "సార్, హెచ్‌ఐవీ పేషెంటు, టీకా అంట" అని. బయట బెంచీ మీద ఆరుగురున్నారు, అందులో ఒకావిడ నా దగ్గర కుట్టించుకునే ఆవిడ. నా చీటీ మీద ఎర్ర ఇంకుతో పెద్దగా రాసి అందరికీ కనబడేలా క్లిప్ పెట్టారు. ఆ డాక్టరు గారు మర్యాదగానే మాట్లాడారు, టీకా వేశారు, అది ఒప్పుకోవాలి. ఆవిడ మాత్రం మళ్లీ జాకెట్టు ఇవ్వలేదు.

2017లో పార్లమెంటు ఒక చట్టం చేసింది, హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మా ఒప్పుదల లేకుండా మా సంగతి బయటపెట్టకూడదు, వైద్యం చేయం పొమ్మనకూడదు, వివక్ష చూపకూడదు, ఫిర్యాదులకు రాష్ట్రానికో అంబుడ్స్‌మన్ ఉండాలి, ఇవన్నీ అందులో రాసున్నాయి. ఆ రోజు బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు ఈ చట్టం సంగతి తెలుసు. తెలిసి ఏం చేశాను? కొంగు తల మీద కప్పుకుని బయటకొచ్చాను. ఫిర్యాదు చేయాలంటే మళ్లీ పేరు రాయాలి కదా.

కరోనా టీకా రోజులు గుర్తున్నాయా? 2021 మార్చి 1 నుంచి 45 నుంచి 59 ఏళ్ల మధ్య జబ్బులున్నవాళ్లకు ముందుగా వేస్తామన్నారు, ఇరవై జబ్బుల జాబితా వేశారు, అందులో హెచ్‌ఐవీ ఉంది. నాకు 46. మొదటిసారి ప్రభుత్వం మమ్మల్ని ముందు వరసలో నిలబెట్టింది, సంతోషించాను. తర్వాత తెలిసింది, ఏ జబ్బో డాక్టరు చేత టిక్కు పెట్టించి సంతకం చేయించిన కాగితం చూపించాలని. మా ఊరి సెంటర్లో కూర్చున్న కుర్రాడు మా పక్కవీధి వాడే, నన్ను పిన్నీ అంటాడు. నేను వెళ్లలేదు. ఏప్రిల్ 1 నుంచి నలభై ఐదు దాటిన వాళ్లెవరైనా రావచ్చన్నారు, ఏ కాగితమూ అక్కర్లేదన్నారు, అప్పుడు ఆధార్ పట్టుకుని వెళ్లి అందరితోపాటు వేయించుకున్నాను. ముందు వరసలో చోటు ఇచ్చి కూడా వెనక వరసకు పంపడమంటే ఇదే. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ నెల్లాళ్లు టీవీలో లెక్కలు చూస్తూ ఎంత టెన్షన్ పడ్డానో నాకు తెలుసు.

అలాంటప్పుడు దారేమిటి అంటే, మాకు మాత్రలిచ్చే ఏఆర్‌టీ సెంటర్లోనే ఉంది. టీబీ విషయంలో ఏం చేశారో చూడండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను ఎక్కువగా చంపేది టీబీ. అందుకని ప్రతిసారీ వెళ్లగానే నాలుగు ప్రశ్నలు అడుగుతారు, దగ్గు ఉందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా, రాత్రి చెమటలు పడుతున్నాయా అని. టీబీ లేదని తేలాక, రాకుండా ముందుజాగ్రత్తగా నాకు ఆరు నెలలు ఐసోనియాజిడ్ మాత్రలిచ్చారు, నరాలకు ఇబ్బంది రాకుండా బి6 మాత్ర కూడా జతచేశారు. ఎక్కడ? అదే కిటికీ దగ్గర. ఎవరూ "మీకెందుకు" అనలేదు, ఎందుకంటే అక్కడికి వచ్చేవాళ్లందరిదీ ఒకటే ఎందుకు. సీడీ4 బాగా తక్కువున్నవాళ్లకు సెప్ట్రాన్ అనే యాంటీబయోటిక్ మాత్రలు కూడా అలాగే ఇస్తారు. జబ్బు రాకముందే మందివ్వడం ఆ కిటికీకి కొత్త పనేమీ కాదు. నాలుగు ప్రశ్నల పక్కన ఐదో ప్రశ్న చేర్చండి, "మీ టీకాలు ఎంతవరకు వచ్చాయి" అని. మా చేతికిచ్చే పచ్చ పుస్తకంలో బరువు రాయడానికి గడి ఉంది, సీడీ4కు గడి ఉంది, టీకాల కోసం ఒక పేజీ కేటాయించి ఏ తేదీన ఏది పడింది, తర్వాతది ఎప్పుడు, అని రాయడానికి ఎంత ఇంకు కావాలి?

నాకు తెలుసు, మీ ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు, టీకాలు దాచడానికి ఫ్రిజ్‌లు కావాలి, సిబ్బంది కావాలి, డబ్బు కావాలి అని. ఫ్రిజ్ ఉందండీ. ఏఆర్‌టీ సెంటరున్న ప్రతి పెద్దాసుపత్రిలోనూ పసిపిల్లలకు టీకాలు వేసే గది ఉంటుంది, అక్కడ 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాపాడుతూనే ఉన్నారు, హెపటైటిస్ బి టీకా గడ్డకడితే పనికిరాదని కూడా ఆ సిస్టర్లకు మనకంటే బాగా తెలుసు. అక్కణ్ణుంచి ఒక చిన్న ఐస్ పెట్టె మా సెంటరుకు నెలకు రెండు రోజులు వస్తే చాలు. డబ్బు సంగతంటారా, హెపటైటిస్ బి టీకా ఖరీదైనదేం కాదు, దానితో మొదలుపెట్టండి. న్యుమోనియా టీకా ఖరీదైనదే, నిజం. కానీ నా మనవడికి ఆరో వారంలో, పద్నాలుగో వారంలో, తొమ్మిదో నెలలో ఉచితంగానే వేశారు. 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి 2021కల్లా దేశమంతటికీ తెచ్చారు, ఇంత పెద్ద దేశంలో పసిపిల్లలందరికీ కొనగలిగినవాళ్లు మావాళ్లకు కొనలేరా. పెద్దవాళ్లకు వేయాల్సిన రకాలు వేరే ఉండొచ్చు, ముందొకటి వేసి ఎనిమిది వారాలు ఆగి ఇంకో రకం వేసే పద్ధతి ఉంది, ఒకే సూదితో సరిపెట్టే రకాలూ ఉన్నాయి. ఏది వేయాలో పెద్ద డాక్టర్లు తేల్చుకోనివ్వండి. మూడు వేలు లేక ఆగిపోయినవాళ్లే నాకు తెలిసి నలుగురున్నారు.

ధనుర్వాతం సూది ఒక్కటే మాకు ఏ ప్రశ్నా లేకుండా దొరుకుతోంది, నా వృత్తిలో మిషను సూది వేలికి దిగడం మామూలే కాబట్టి అది మాత్రం తప్పకుండా పడుతూ ఉంటుంది. ఇప్పుడది ఉత్త టీటీ కాదు, కంఠసర్పికి కూడా కలిపి టీడీ అని వేస్తున్నారు, పదేళ్లకోసారి చాలు. ఏడాదికి మూడుసార్లు వేయించుకున్న మహానుభావులు కూడా మా వీధిలో ఉన్నారు.

ఇంకొక్క మాట భాష గురించి. మా జిల్లాలు 1936లో ఒడిశాలో కలిశాయి, దాని మీద నాకే గొడవా లేదు, ఒడియా నాకు బాగానే వచ్చు. కానీ ఆసుపత్రి గోడ మీద రాసేవన్నీ ఒడియాలోనే, నాకంటే పెద్దవాళ్లు, ఇటు ఆంధ్ర నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లు ఆ అక్షరాలు చదవలేరు. వాళ్లు ఆంధ్ర వెళ్లి మందులు తీసుకుందామంటే కాగితాలు ఒడిశావి. కొండల మీద సవరవాళ్లకు ఒడియా కూడా రాదు, తెలుగు కూడా అంతంతే. గిడుగు రామమూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉన్నారు, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని ఆయన పోరాడారు, సవర భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు చదువు చెప్పించారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేస్తారు, మీరూ ఫొటో వేస్తారు. ఆ ఊళ్లో ఇవాళ ఒక ఆడమనిషికి తన టీకా ఏమిటో తన భాషలో చెప్పే కాగితం లేదు. తెలుగులో, ఒడియాలో, సవరలో ఒక అరపేజీ. "యాంటీ రెట్రోవైరల్ చికిత్స పొందుచున్న వ్యక్తులు" అని మొదలుపెట్టకండి దయచేసి, మా అత్తగారి తరం మనిషి చదివినా అర్థమయ్యేలా రాయండి.

అన్నట్టు, డాక్టర్లందరూ ఆ కాంపౌండరు లాంటివాళ్లని ఎవరూ అనుకోవద్దు. మా కౌన్సెలర్ మేడమ్‌కు జీతం ఎన్ని నెలలకోసారి వస్తుందో నాకు తెలుసు, అయినా నేను అడిగిన ప్రతి ప్రశ్న రాసుకుని, పై డాక్టరును అడిగి, నెక్స్ట్ టైం వెళ్లేసరికి జవాబు సిద్ధంగా ఉంచుతుంది. ఒకసారి "మీలాగ అందరూ అడిగితే బాగుణ్ణు అక్కా" అంది. నేనన్నాను, "మీరే ముందు చెప్తే మేం అడగక్కర్లేదు కదమ్మా." నవ్వేసింది. ఇద్దరిదీ నిజమే. మావాళ్లలో స్థిరంగా ఉన్నవాళ్లకు ఇప్పుడు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తున్నారు, సూరత్ వెళ్లేవాళ్లకు అది పెద్ద వరం, కానీ మనిషి మూడు నెలలకోసారి కనబడితే నెలకు రెండో డోసు, ఆరో నెలకు మూడో డోసు అనే లెక్క తప్పిపోతుంది. వాళ్లు దసరాకు ఇంటికి వస్తారు, హోలీకి వస్తారు. ఆ రాకపోకలు చూసుకుని డోసులు ఇక్కడొకటి, అక్కడొకటి వేసేలా ఉండాలి. సూరత్‌లోనూ ఏఆర్‌టీ సెంటర్లు ఉన్నాయి కదా, పచ్చ పుస్తకంలో ఆ పేజీ ఉంటే ఎక్కడివాళ్లయినా చూసి వేస్తారు. నేను పేజీ పేజీ అని అంత పట్టుబట్టేది అందుకే.

మీ పేపరుకు నా విన్నపం చిన్నది. ఈసారి టీకాల గురించి వేసినప్పుడు మాకో పావు పేజీ ఇవ్వండి, జబ్బు పేరు రాయండి, 1097 నంబరు వేయండి, అది ఉచితం, హెచ్‌ఐవీ గురించి ఏ సందేహమైనా పేరు చెప్పకుండా అడగొచ్చు. శ్రీకాకుళం ఎడిషన్‌తో ఆపకండి, బరంపురం, రాయగడ, కొరాపుట్ దాకా వచ్చే కాపీల్లో కూడా వేయండి. ఆ వైపు మీ పేపరు చదివేవాళ్లు తక్కువేం కాదు.

నాకు హెపటైటిస్ బి రెండు డోసులు పడ్డాయి, మూడోది దీపావళి దాటాక. ఆటో తమ్ముడికి మొన్న న్యుమోనియా టీకా వేయించాను, సగం డబ్బు నాది, సగం వాడిది, బీడీ ఇంకా మానలేదు. కవరు మీద రాసిన అడ్రసు మీ దగ్గర ఉంచుకోవడానికే, ఉత్తరం వేస్తే మాత్రం కింద ఇలా వేయండి:

కుట్టుమిషను అక్క,
పర్లాకిమిడి